పడిశం కాదన్నాను

నాలుగో తరగతి దాకే చదివినదాన్ని, రాయడం ఇదే మొదలు. అయినా మొన్న ఆరో నెల కడుపుతో ఉన్న మా మనవరాలికి ఆసుపత్రిలో ఫ్లూ రాకుండా సూది వేయించి తీసుకొస్తే, పడిశానికి కూడా సూదా అని వీధిలో ఆడవాళ్ళు నవ్వినందుకు, నా వయసువాళ్ళకైనా ఈ సంగతి చెప్పాలనిపించింది.

కన్నడ సీమలో చింతామణి దగ్గర, మురుగమల్ల దారిలో ఉన్న మా అత్తవారి ఊళ్ళో అప్పట్లో ఇంటింటా పట్టుపురుగులే. పురుగుకు తెగులు సోకుతుందని, కాళ్ళూ చేతులూ కడగనిదే పురుగుల గదిలోకి మమ్మల్ని కూడా పోనిచ్చేవారు కాదు, పరాయివాళ్ళనైతే గడపే తొక్కనిచ్చేవారు కాదు. అదే మనిషి జబ్బుపడితే మాత్రం దగ్గేవాళ్ళూ తుమ్మేవాళ్ళూ అందరూ వచ్చి మంచం మీదే కూర్చొని పలకరించి పోయేవారు.

ఒక చలికాలం నా తోడికోడలికి ఏడో నెల. పొద్దున నాతో పాటు మల్బరీ ఆకు కోసి నవ్వుతూ వచ్చిన పిల్ల మధ్యాహ్నానికి వణుకుతూ పడిపోయింది. పడిశమైతే ముక్కు కారుతూ మెల్లగా వస్తుంది, మనిషి తన పని తను చేసుకుంటుంది. ఇది అలా కాదు, ఒళ్ళు కాలిపోతూ, తలనొప్పి, ఎముకలు విరిచేసినట్టు నొప్పులు, పొడి దగ్గు, మంచినీళ్ళకు కూడా లేవలేనంత నీరసం. మర్నాటికి మాట మాటకీ ఆయాసపడుతోంది. సరిగ్గా అప్పుడే పురుగు చివరి మేతకు వచ్చింది, ఎంత ఆకు వేసినా చాలదు, ఒక మనిషి తగ్గినా పంట దెబ్బతింటుంది. మా వైపు పురుగు మేత మాని పొర విడిచే నిద్రను జ్వరం అంటారు, మా అత్త ఆ మాటే పట్టుకుంది.

"పురుగే నాలుగు జ్వరాలకు పడి లేస్తాండాది, దీనికి ఒక్క జ్వరానికే ఆసుపత్రా? ఆకు ఎవురేస్తారు, మీ నాయనొచ్చి ఏస్తాడా?"

"పురుగు పోతే ఇంకో పంట పెడదాం అత్తా. ఈ పిల్ల పోతే యాడనుంచి తెస్తావు?"

అంతవరకూ ఆమెకు ఎదురు చెప్పి ఎరగను. ఆకు బుట్ట అక్కడే దించేసి, తోడికోడలిని పట్టుకొని చింతామణి బస్సెక్కాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇది ఫ్లూ అని, కడుపుతో ఉన్నవాళ్ళూ పసిపిల్లలూ ముసలివాళ్ళూ, ఉబ్బసం, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ళూ దీన్ని ఇంట్లో పెట్టుకొని కూర్చోకూడదని, ఆయాసం వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదని కన్నడంలో గట్టిగా చెప్పి వెంటనే చేర్చుకుంది. తోడికోడలు తేరుకొని ఇంటికొచ్చాక, దగ్గు పోయేదాకా ఆమె పడుకున్న గది గడప దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టుకొని, కాళ్ళూ చేతులూ కడుక్కుంటూ నేనొక్కదాన్నే లోపలికి పోయాను, ముసలిదైన మా అత్తను కూడా పోనివ్వలేదు. పురుగుకున్న మర్యాద మనిషికీ ఉండాలన్నాను.

ఆ పంట పట్టుగూళ్ళు నిజంగానే పలచబడ్డాయి. ఈ మహాతల్లి వల్లే పంట పోయిందని అత్త బతికినన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, చెప్పినంతసేపూ ఆ కాన్పులో పుట్టిన మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకొని వాడి తల నిమురుతూనే ఉండేది. ఇప్పుడు ఆమె లేదు, పురుగుల గదిలో టమోటా పెట్టెలు ఉన్నాయి, ఆ మాట అని నన్ను తిట్టేవాళ్ళే లేరు. ఉంటే మళ్ళీ తిట్టించుకునేదాన్ని, మళ్ళీ అదే బస్సెక్కేదాన్ని.