వైన్ తాగే వేళైందని మా బామ్మర్ది చెప్పినట్టేనా?

ఈ రోజు పెత్రమాస. ఇంట్లో పెద్దలకు పెట్టుకున్నాం. పోయిన నా బామ్మర్ది మల్లయ్య ఫొటో ముందు గారెలు, మాంసం కూరతో పాటు ఎర్ర వైన్ కూడా పెట్టాను. లారీ మీద నాసిక్ పోయినప్పుడు ఆ సీసా తెచ్చింది వాడే.

"జర ఆగు బావా, ఇది కల్లు కాదు. నిలువుంటెనే మంచిగైతది. ఎప్పుడు తాగాల్నో నేనే చెప్త," అన్నాడు. చెప్పకుండానే పోయాడు. సీసా బియ్యం డ్రమ్ములోనే ఉండిపోయింది.

ఈ రోజు మూత తీసి, గ్లాసు నిండా పోశాను. పెద్దలు వచ్చి తింటారని తలుపు దగ్గరకేసి, అందరం బయట కూర్చున్నాం. కాసేపటికి తీసి చూస్తే గ్లాసు సగానికి దిగింది.

"నువ్వే తాగినవ్! ఏదీ, ఊదు," అంటూ మా ముసల్ది పోలీసులా మీదికొచ్చింది. ఊదాను.

"బీడి వాసనే వస్తాంది," అని గొణిగి, తమ్ముడి ఫొటో చూస్తూ అక్కడే కూలబడింది.

అందరినీ ఆటపట్టించే నోరు కదా నాది, ఇంట్లో ఇంకెవరూ నన్ను నమ్మడం లేదు. ఒట్టు, నేను బయటే ఉన్నాను. ఎలుక అనుకుందామంటే గారెలు ముట్టలేదు.

ఇప్పుడు నాకూ ఒక గ్లాసు పోసుకున్నాను. నోటి దాకా తెచ్చి మళ్లీ కింద పెట్టాను. మీరైతే తాగుతారా, లేక వాడికే ఇంకో గ్లాసు పోస్తారా?