తాటిచెట్టు పక్క బోదె

మా అత్తవారింట్లో నా చెయ్యి మంచిదని ఒక పేరుంది. ఇరవై రెండేళ్ల నాటి పేరు. చిలగడదుంప తీగ నా చేత్తో పెడితే దుంప ఊరి తీరుతుందని మా వీధిలో అందరికీ నమ్మకం. ఎవరు దుంప వేసినా మొదటి తీగ నాచేత పెట్టించుకునేవారు. నేనూ వద్దనేదాన్ని కాదు. పిలవడం ఆలస్యమైతే ఈసారి నన్ను మరిచిపోయారా అని అడిగి మరీ వెళ్లేదాన్ని.

నేను పుట్టింది రాజాం దగ్గర ఒక వరి ఊళ్లో. మాకు పంటంటే వరే. ఉభాల రోజుల్లో, అంటే వరినాట్లప్పుడు, మోకాలిలోతు బురదలో వరసగా నిలబడి, కుదురుకు మూడు మొక్కలు చొప్పున గుచ్చుకుంటూ వెనక్కి నడిచేవాళ్లం. ఆ పనిలో నన్ను మించినవాళ్లు మా ఊళ్లో లేరని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. అలాంటిదాన్ని తెచ్చి భోగాపురం దాటాక సముద్రం వైపు ఉన్న ఇసక ఊరికి ఇచ్చారు. అక్కడ బురదన్న మాటే లేదు. జీడిమామిడి, సరుగుడు, కొబ్బరి. ఇంటి భూమంతా మా మామ చూసుకునేవాడు. సరుగుడు తోట పక్కనున్న పది సెంట్లు మాత్రం మా అత్తది. అందులో ఏటా ఆవిడ చిలగడదుంప వేసేది. ఆ పది సెంట్ల విషయంలో ఆవిడకు ఎవరూ సలహా చెప్పేవారు కాదు.

జ్యేష్ఠంలో పెళ్లయింది. మూడు వారాలకు తొలకరి పడింది. అత్త నిరుటి తీగల చివర్లు మూరెడేసి కోయించి, తడిగోనె కప్పి రెండు రోజులు నీడలో ఉంచింది. ఇసకను వరసలుగా ఎత్తి బోదెలు కూడా తోలించింది. ఈలోగా పక్క ఊళ్లో చుట్టాల పెళ్లి వస్తే, రాగానే నాటుకుంటానని చెప్పి వెళ్లింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టుంది అప్పటి నా సంగతి. ఆవిడ వచ్చేలోపు నాటేసి నా పనితనం చూపించాలనుకున్నాను. ఎలా నాటాలో ఎవర్నీ అడగలేదు. నాటడం నాకొకరు నేర్పాలా? మూడేసి తీగలు కలిపి పట్టుకుని, బోదెల మీద నిటారుగా, జానెడుకో కుదురు చొప్పున ఉభాలు వేసినట్టే వేసుకుంటూ పోయాను. రోజున్నరలో పది సెంట్లూ అయిపోయాయి.

అత్త వచ్చి గట్టు మీద నిలబడింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా బోదెలన్నీ చూసింది. నా పని చూసి మురిసిపోతోందనుకున్నాను.

"బేగి నాటేసినావే అమ్మీ. మా ఊళ్లో ఇంత బేగి ఎవలూ నాటలేరు" అంది.

ఆ మాటకు నేను పొంగిపోయాను. రెండు రోజులకు ఆషాఢం వచ్చింది. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు కాబట్టి మా అన్నయ్య వచ్చి నన్ను పుట్టింటికి తీసుకుపోయాడు. శ్రావణంలో తిరిగొచ్చేసరికి తీగలు అల్లుకుపోయి చేలో మట్టి కనిపించలేదు. కార్తికంలో తవ్వితే గంపలకు గంపలు దుంప. తాటిచెట్టు పక్కనున్న ఒక్క బోదెలో మాత్రం చిటికెన వేలంత పీచులే వచ్చాయి. తాటి వేళ్లు సారమంతా తాగేసి ఉంటాయన్నాడు మామ. అవునవునంది అత్త. ఆ సాయంత్రం ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఉడికించిన దుంపలు పెడుతూ, మా కోడలి చెయ్యి మంచిదని చెప్పింది. నా పేరు పుట్టింది ఆ రోజే.

మరుసటి ఏడు మళ్లీ ఉభాలు వేయడానికి చీర ఎగదోపుకుని నిలబడ్డాను. అత్త నా చేతిలోని తీగలు తీసుకుంది.

"ఏటా ఒకేనాగ ఏస్తే నేలకి ఇసుగొస్తాది. ఈయేడు మా ఊరి పద్దతిలో పడుకోబెడదాం" అంది.

బోదె నెత్తిన వేలితో గాడి తీసి, తీగను అడ్డంగా పడుకోబెట్టి, నడిమి మూడు కణుపులు మట్టిలోకి నొక్కి, రెండు కొసలూ పైకి వదలడం అప్పుడు నేర్పింది. ఒక్కో చోట ఒక్కటే తీగ. కూర్చుని, జరుగుతూ చేసే పని అది. ఇదేదో పిల్లలాటలా ఉందే అనుకున్నాను. పెద్దావిడ ముచ్చట కదా అని ఒప్పుకున్నాను. ఆ ఏడు కూడా దుంప బాగానే ఊరింది. అది కూడా నా ఖాతాలోనే పడింది.

తర్వాత ఒకసారి వ్యవసాయ శాఖ నుంచి ఒకాయన వచ్చి రైతులను కూర్చోబెట్టి మాట్లాడాడు. మట్టిలోపల ఎన్ని కణుపులుంటే అన్ని చోట్ల దుంప పట్టే వీలుంటుందని, అందుకే పడుకోబెట్టిన తీగకు కాపు ఎక్కువని, గుంపుగా పాతితే ఆకులు పెరుగుతాయి తప్ప దుంప ఊరదని చెప్పాడు. నేను లేచి, మా చేలో తొలి ఏడు మూడేసి తీగలు నిలబెట్టి పాతానని, గంపలు నిండాయని, హస్తవాసి ఉండాలి గానీ పద్ధతిలో ఏముందని గట్టిగా అడిగాను. ఆయన తడబడ్డాడు. అత్త వెనక కూర్చుని నేల మీద పుల్లతో గీతలు గీసుకుంటూ ఉంది. ఆ రోజు ఆవిడ నాకేసి చూడనే లేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఏళ్లు గడిచాయి. మామ పోయాడు. అత్త మోకాళ్లు అరిగిపోయాయి. కింద కూర్చుంటే లేవలేదు. అందుకని కూర్చోవడమే మానేసింది. చేతికర్ర పట్టుకుని రోజూ పొద్దున్నే ఆ పది సెంట్ల దాకా నడిచి, ఆ ఇసక తొక్కి వస్తేనే టీ తాగేది. మా ఆయన విమానాశ్రయం పనుల్లో లారీ తోలుతున్నాడు. తెల్లారకముందు వెళ్లి పొద్దుగూకాక వస్తాడు. నిరుడు వేసవిలో ఒకనాడు, అమ్మ కష్టపడలేకపోతోంది, ఆ పది సెంట్లలో కూడా సరుగుడు నారు పెట్టేస్తే నాలుగైదేళ్లు ఎవరూ అటు చూడక్కర్లేదన్నాడు. ఆయన చెడ్డగా అనలేదు. తల్లి మీద ప్రేమతోనే అన్నాడు.

అత్త దెబ్బలాడలేదు. "ఈ ఒక్కయేడూ ఒగ్గీరా. నానే నాటుకుంతాను. దుంప ఊరకపోతే నీ సరుగుడే ఏసుకో" అంది. ఎవరూ సాయం పట్టకూడదని, కోడలి చెయ్యి కూడా వద్దని షరతు పెట్టింది.

కూర్చోలేని మనిషి ఎలా నాటుతుంది? కర్రతో బోదెలో కన్నం పొడిచి, తీగను నిటారుగా అందులోకి జారవిడిచి, కాలి బొటనవేలితో మట్టి నొక్కుతూ నాలుగు రోజులు నిలబడే నాటింది. ఆవిడ ముఖంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది. నాకు మాత్రం దుంప మీద ఆశ పోయింది. ఇరవై రెండేళ్లలో నాకూ ఈ పంట కాస్త ఒంటబట్టింది. నిలబెట్టిన తీగ లోతుగా దిగుతుంది కాబట్టి వానలు ఎగ్గొట్టిన ఏడు ఇసకలో చావకుండా బతుకుతుంది. కానీ నడిమి కణుపులు పరుచుకోవు. కుదురుకు ఒకటో రెండో దుంపలు వస్తాయి. మా ఆయన గంపలు చూస్తాడు గానీ దుంప సైజు చూడడు. సరుగుడు వేసేస్తే మా అత్త పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తుంది? ఆ నడక ఆగితే మనిషి మంచం పడుతుందని నాకు భయం. నిజం చెప్పాలంటే, ఆవిడ లేని ఇల్లు నేను ఊహించుకోలేకపోయాను.

రాజాంలో మా ఆడపడుచు ఉంది. ఆ ఊళ్లో మోకాళ్లకు నూనె మర్దన చేసే మనిషి ఉందని, వారం రోజులు ఉండి రమ్మని పోరాను. ఆషాఢంలో కోడలు పుట్టింటికి పోవడం ఉంది గానీ, అత్తను కూతురింటికి తోలడం ఎక్కడైనా ఉందా అని మా ఆడపడుచు ఫోన్లో నవ్వింది. అత్త మాత్రం మారు మాట్లాడకుండా బస్సెక్కింది.

ఆరు రోజులు పొద్దుటి పూట ఆ చేలో దొంగలా పని చేశాను. ఒక్కో తీగనూ అప్పుడప్పుడే వేస్తున్న వేరు తెగకుండా పైకి తీసి, గాడిలో పడుకోబెట్టి, నడుమ నొక్కి, చెంబుతో నీళ్లు పోశాను. నడుం విరిగిపోయింది. ఇంకా జీడితోట వైపు రెండు బోదెలు మిగిలి ఉండగానే, మర్దన చాలు, బస్సెక్కానని అత్త ఫోన్ చేసింది. ఆ రెండూ అలాగే వదిలేశాను. వచ్చిన సాయంత్రమే ఆవిడ కర్ర పట్టుకుని చేలోకి వెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను. గట్టు మీద చాలాసేపు నిలబడి, "వానలు బానే పడ్డట్టున్నాయి" అని వెనక్కి తిరిగింది. హమ్మయ్య అనుకున్నాను.

కార్తికంలో ఒక ఆదివారం తవ్వకం పెట్టుకున్నాం. మా ఆయన సరుగుడు నారు గురించి ఎవరితోనో మాట్లాడటానికి ఊళ్లోకి వెళ్లాడు. అత్త గట్టు మీద ఎత్తు పీట వేసుకుని కూర్చుంది. నేను తవ్వి తెచ్చి ఆవిడ ఒళ్లో పోస్తున్నాను. ఒక్కో తీగ కింద నాలుగేసి, ఐదేసి వరసగా పట్టుకుని ఉన్నాయి. చివర జీడితోట వైపు రెండు బోదెలకు వచ్చాను. కుదురుకు ఒక్కటే, కానీ గునపం దిగినంత లోతున, నా ముంజేతి లావున్న దుంప. అది అందుకుని అత్త అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ రెండు బోదెలే నాయి. మిగతాయన్నీ నీయి" అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ వారం నేను అసలు ఈ చేలో అడుగే పెట్టలేదన్నాను. నువ్వు అడుగు పెట్టినావని నేను అన్నానా అంది అత్త. తను నిలబెట్టి పాతిన తీగ వారం తిరక్కుండా రెండు కొసలూ బయటపెట్టి పడుకుందంటే తెలియదా, రాజాం నుంచి వచ్చిన సాయంత్రమే చూశానంది. మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

అత్త ఆ పెద్ద దుంపను ఒళ్లో పెట్టుకుంది. "నీ తొలేడు తాటిసెట్టు పక్క బోదె గుర్తున్నాదా?" అని అడిగింది.

తాటిచెట్టు సారమంతా తాగేసిన బోదె కదా అన్నాను.

"తాటిసెట్టేటి సేసినాది, పాపం. నీ ఉభాలన్నీ పీకి పడుకోబెట్టినాను. నువ్వు పుట్టింటికెళ్లినాక తొమ్మిది రోజులు పట్టినాది. ఆ ఒక్క బోదె ఒగ్గేసినాను. నువ్వు వచ్చిన సోటి పద్దతి కదా, ఏమో, వస్తాదేమో సూద్దామని."

నేను ఇసకలో కూలబడ్డాను. వీధిలో నేను పెట్టిన మొదటి తీగలన్నీ, వ్యవసాయ శాఖ ఆయనతో వేసుకున్న వాదన, నా మిడిసిపాటు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అలాంటప్పుడు నా చెయ్యి మంచిదని ఊరంతా ఎందుకు చెప్పావని అడిగాను.

"కొత్తగా ఇంటికొచ్చిన పిల్లవి. ఏదో ఒకటి మంచిదని సెప్పాల కదేటి. ఆ యేటికి నీ వంట కూడా బాగోనేదు" అంది.

నవ్వాను, కానీ కళ్లు నిండిపోయాయి. మా అమ్మ కూడా నా తప్పు ఇన్నేళ్లు దాచి ఉండేది కాదు. ఎప్పుడో ఒక కోపంలో అనేసేది. ఈవిడ మాతో ఎన్నిసార్లు పోట్లాడింది, ఎన్నిసార్లు నా మీద అలిగింది! ఒక్కసారి కూడా ఈ మాట పైకి తీయలేదు. తాటిచెట్టును కూడా మూడేళ్ల కిందట గాలివానకు పడేదాకా నిందలు మోయనిచ్చింది.

అంతలో మా ఆయన వచ్చాడు. గట్టు పొడుగునా ఉన్న గంపలు చూసి ఆగిపోయాడు. ఇంత ఊరిందేమిటి, నిజంగా అమ్మ ఒక్కతే నాటిందా అని అడిగాడు. ఆయన నాకేసే చూస్తున్నాడు. ఎప్పటిలాగే చెయ్యి పేరు నాకే ఇవ్వబోతున్నాడని తెలిసింది.

"మీ అమ్మే నాటినాది. నిలబడి, ఆ కర్రతోనే. నాను సెయ్యి కూడా ఎట్టనేదు" అన్నాను.

ఆయన ఫోన్ తీసి, ఈ ఏడు సరుగుడు నారు అక్కర్లేదని ఎవరికో చెప్పాడు. అత్త తలెత్తలేదు. ఒళ్లో దుంపకు అంటిన ఇసకను కొంగుతో మెల్లగా తుడుస్తూ ఉండిపోయింది.