అభా ఆఫీసులో కేబుల్ పీకిన రోజు

మొన్న మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటూ, తెర మీద బొమ్మ కదలక విసుక్కుంటుంటే, పక్కనే పేపరు తిరగేస్తున్న నాకు ఉన్నట్టుండి అభా గుర్తొచ్చింది. సౌదీ అంటే ఇసుకే అనుకుని దిగినవాణ్ని పొగమంచుతో పలకరించిన కొండల మీది ఊరది. మా ఆవిడ అక్కడి ఆసుపత్రిలో నర్సు. నేను ఒక చిన్న ఇంజనీరింగ్ కంపెనీలో కంప్యూటర్ మీద భవనాల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని.

స్థానికులకు ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ చట్టం ముమ్మరంగా ఉన్న రోజులవి. కంపెనీలో సౌదీలు చాలినంతమంది లేకపోతే మిగతావాళ్ల అకామాలు, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డులు, రెన్యూవల్ కావు. పైగా పనివాళ్ల మీద లెవీ అనే పన్ను, ఇంట్లోవాళ్ల మీద ఫీజు వచ్చి పడేసరికి, మనవాళ్లు ఏ ఇంట్లో కలిసినా ఉందామా, వెళ్లిపోదామా అన్న మాటే. మా కంపెనీ కూడా ఖర్చు తగ్గించుకోవడానికి హాయిల్ ఊళ్లోని బ్రాంచి మూసేసింది. సరిగ్గా అప్పటినుంచే మా డ్రాయింగులు మొరాయించడం మొదలెట్టాయి. ఒక ప్లాన్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు, సేవ్ కొడితే మళ్లీ ఇంకో టీ. ఆ బ్రాంచి మూతకూ దీనికీ సంబంధం ఉందని మాలో ఎవరికీ తట్టలేదు.

మా ఈజిప్టు మేనేజరు మాత్రం కంప్యూటర్లు పాతబడ్డాయని, కొత్తవి కొనే స్థితి లేదని, గురువారానికి ఆసుపత్రి ప్లాన్లు మున్సిపాలిటీకి చేరకపోతే గీసే పని మొత్తం కైరోకి పంపేస్తానని తేల్చి చెప్పాడు. అంటే మా అందరికీ ఎగ్జిట్, వీసా రద్దయి ఇంటిదారే అన్నమాట.

నా పక్క కుర్చీలోకి కొత్తగా ఒక సౌదీ ఇంజనీరు వచ్చాడు. నా ఉద్యోగం కోసమే వచ్చాడనుకుని నేను సలాం దాటి మాట్లాడేవాణ్ని కాను. ఆ రోజు అతనే కుర్చీ ఇటు తిప్పి, సోదరా అని అరబ్బీలో పిలిచాడు.

“యా అఖీ, నీ మెషీన్ కూడా ఇంతేనా? నాకే పని రావట్లేదనుకుని సిగ్గుపడి ఊరుకున్నా.”

ఇద్దరం నవ్వేశాం. ఇక ఆ పొద్దంతా సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాం, డిస్కు శుభ్రం చేశాం, ఏం లాభం లేదు. అప్పుడతను మాటల్లో మాటగా, నేర్చుకోవడానికి ఇంటికి పట్టుకెళ్లిన అదే ప్లాన్ తన లాప్‌టాప్‌లో వెంటనే తెరుచుకుందన్నాడు. అతనింట్లో లేనిది, ఇక్కడ ఉన్నది ఆఫీసు నెట్‌వర్కే కదా అని, బల్ల కిందికి దూరి కేబుల్ పీకాను.

“తెరుచుకుంది,” అన్నాడు పైనుంచి.

కేబుల్ పెడితే ఆగిపోయింది. పీకితే పరిగెత్తింది. ఇద్దరం కలిసి సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే, రెండు ఆఫీసులవాళ్లం ఒకేలా గీయాలని ఉమ్మడిగా పెట్టుకున్న అక్షరాల ఫాంట్లు, గుర్తులు, చివరికి ప్రింటరు సెట్టింగులు కూడా హాయిల్ సర్వర్‌లోనే ఉన్నాయి. ఆ సర్వర్ ఎప్పుడో ఆపేశారు. పాపం సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ ఒక్కో ఫోల్డరు కోసం అక్కడిదాకా వెళ్లి, జవాబు రాక, చాలాసేపు ఆగి, మరోదాని కోసం బయల్దేరుతోంది. వాటి నకలు మా బ్యాకప్ డిస్కులో ఉండబట్టి సరిపోయింది. దాన్ని మా దగ్గరి సర్వర్‌లోనే పెట్టి, పాత దారులన్నీ చెరిపేసి, మెషీన్లు చెరిసగం పంచుకుని సరిచేస్తుంటే, పండగ పూట పిల్లల్లా ఒకరికంటే ఒకరం ముందు పరిగెత్తాం.

గురువారం మధ్యాహ్నానికల్లా ప్లాన్లు చేరాయి. మేనేజరు “ఖలాస్? అయిపోయిందా?” అని ఒకటికి రెండుసార్లు అడిగి, అందరికీ ‘మందీ’ అనే అరబ్బీ బిర్యానీ తెప్పించాడు. మా ఆవిడకు ఫోన్ చేస్తే, “ఏవండీ, అయితే మన అకామా రెన్యూవల్ అయినట్టేనా?” అంది ముందుగా. అయింది. పిల్లల చదువు మధ్యలో ఆగలేదు. లెవీ మరీ పెరిగాక మేమే అనుకుని ఇండియాకి వచ్చేశాం. విమానాశ్రయానికి కార్లో దింపింది ఆ సౌదీ మిత్రుడే.

ఇప్పుడు ఆ ఆఫీసుకు అతనే మేనేజరు. ఏదైనా ఆగిపోతే ఫిర్యాదు పెడతారట, వేరే దేశంలో ఎవరో కూర్చుని సరిచేసేస్తారట, ఎవరూ కుర్చీలోంచి లేవనక్కర్లేదట. మంచిదే. పని తొందరగా అవుతుంది. కానీ పక్కన కూర్చున్న మనిషితో మాట కలపాల్సిన అవసరం మాత్రం ఇక ఎవరికీ రావడం లేదు.