చెప్పుల కాపలా

ఈ సాయంత్రం ఇంటిల్లిపాదీ బోధన్‌లో ఎగ్జిబిషన్‌కు వెళ్లాం. ఈసారి చిన్నదైనా ఒక రోలర్ కోస్టర్ వచ్చిందని విని పొద్దుటి నుంచీ నా కాలు ఒకచోట నిలవలేదు.

ఏటా స్కూలు పిల్లలను హైదరాబాద్ టూరుకు తీసుకెళ్లే టీచర్ని నేను. అక్కడి పార్కుల్లో నేను ఎక్కని కోస్టర్ లేదు. తలకిందులుగా తిప్పేవి నాకు నచ్చవు. తలను భుజాల మీద బిగించే కడ్డీలకేసి కొట్టడం తప్ప వాటిలో ఏమీ ఉండదు. దిగుడు బాగుండాలి. దాని రుచి తెలియాలంటే చివరి సీట్లో కూర్చోవాలి. ముందు పెట్టెలు కిందికి పోతూ మనల్ని లాగేసినప్పుడు ఒళ్లు సీటును వదిలి లేస్తుంది.

ఇదంతా చెబుతుండగానే మావాళ్లు చెప్పులు నా కాళ్ల దగ్గర విడిచి, ఫోన్లు, బ్యాగులు నా చేతుల్లో పడేసి ఎక్కేశారు. మా ఆయన ముందు సీట్లో కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

దిగి వచ్చి, "ఎనక కూసుంటే ఏముంటది, ముంగట కూసుంటెనే మజా" అని నాకే పాఠం చెప్పాడు.

బ్యాగులు ఆయన చేతికిచ్చి గేటు దగ్గరికి వెళ్లాను. "ఒక్కదానివేనా అక్కా?" అన్నాడు గేటు దగ్గరి అతను. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి మా ఆయన జవాబిచ్చాడు.

"ఆమె ఎక్కది తమ్మీ, గివన్ని ఆమెకు పడయి."

అతను గేటు మూసేశాడు. చివరి సీటు ఖాళీగానే కదిలింది.

ఇవి నాకు పడవని ఆయనకు ఎవరు చెప్పారో, మీలో ఎవరికైనా తెలిస్తే కామెంట్లో రాయండి.