క్యాలెండర్ కాగితాల పొట్లాలు

మా నాన్న కాలేజీలో కూర్చుని ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. అక్కడే రెండేళ్లు ఇంటర్ చదివాను కాబట్టి ఈ మాట నమ్మకంగా చెప్పగలను. ఆఫీసు గది బయట ఆయనకంటూ ఒక స్టూలు ఉండేది. దాని మీద ఎప్పుడు చూసినా హాజరు రిజిస్టరో, సుద్దముక్కల డబ్బానో, ఎవరో సారు హెల్మెటో ఉండేది. నాన్న దాని పక్కన నిలబడి ఉండేవాడు. బెల్లు కొట్టడం, చాయ్ గ్లాసులు మోయడం, నోటీసు పట్టుకుని క్లాసుక్లాసుకూ తిరగడం, సాయంత్రం గదులకు తాళాలు వేయడం. అటెండర్ పని అంటే నిలబడే పని అని చిన్నప్పుడే అర్థమైంది నాకు.

అందుకే ఆయన రిటైర్మెంట్‌కు కాలేజీలో సన్మానం చేస్తారని తెలిసినప్పుడు నాకు ఒకటే కోరిక పుట్టింది. స్టేజీ మీద కుర్చీలో, శాలువా కప్పుకుని, ఆ కాసేపు నాన్న కూర్చోవాలి. అందరూ తినేదాకా, ఫొటోలు తీసేదాకా లేవకూడదు. ఇంకెవరైనా ఆయన ముందు నిలబడాలి. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మనసులో ఉన్నది పైకి అనే అలవాటు నాకు లేదు, డైరీలో రాసుకుంటాను. నేను చదివిన పుస్తకాల్లో సగం, లైబ్రరీ సారును బతిమాలి నాన్న తెచ్చినవే. వాటి గురించి కూడా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడను. చదివాక తిరిగి నాన్న సంచిలో పెట్టేస్తాను, అంతే.

మా కాలేజీలో ఒక ఆనవాయితీ ఉంది. సన్మానం స్టాఫ్ చేస్తారు, శాలువా వాళ్లదే, భోజనం వాళ్లదే. రిటైర్ అయ్యే మనిషి ఇంటి నుంచి మాత్రం అందరికీ తినడానికి ఏదో ఒకటి రావాలి. అంతకు ముందు రిటైరైన క్లర్కు గారు బంగారు రంగు డబ్బాల్లో హైదరాబాద్ మిఠాయిలు పంచారు. నాన్న ఆ డబ్బా ఒకటి ఇంటికి తెచ్చి చాలా రోజులు దాంట్లో మందుబిళ్లలు పెట్టుకున్నాడు. ఇప్పుడు మనం ఏం ఇయ్యాలి అని ఆయన, అమ్మ మాట్లాడుకుంటుంటే నేను మధ్యలో అన్నాను.

"నేను చేస్త. కొనకున్రి."

"ఏం చేస్తవే? అందరు లెక్చరర్లు," అంది అమ్మ.

"జొన్న మురుకులు, నువ్వుల ముద్దలు."

నాన్న ముఖం వెలిగింది. "మురుకులంటే సార్లు పడి సస్తరు. నా టిఫిన్ల పెట్టినయ్ గుంజుకొని తిన్నరు ఎన్ని సార్లో."

నువ్వులు రాయికోడ్ నుంచి మామయ్య పంపాడు. జొన్నలు ఇంట్లోనే ఉన్నాయి. పిండి పట్టించి, అమ్మా నేనూ రెండు పూటలు పొయ్యి ముందు కూర్చున్నాం. ఆమె మురుకుల గొట్టం తిప్పుతుంటే నేను బెల్లం పాకంలో నువ్వులు కలిపి, చేతులు కాలుతుండగానే ముద్దలు చుట్టాను. అంతవరకు ఏ తప్పూ లేదు. రుచి విషయంలో ఇవాళ్టికీ నాకు అనుమానం లేదు.

తప్పంతా పొట్లాల దగ్గర జరిగింది.

ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తే కిరాణం కొట్టు సరుకులాగా ఉంటుందనిపించింది. చేత్తో చేసినది చేత్తో చేసినట్టే కనిపించాలి. మా బీరువా మీద పాత క్యాలెండర్లు చుట్టలుగా ఉంటాయి. కొత్త సంవత్సరం వస్తే నాన్న ఎరువుల దుకాణం, బంగారం దుకాణం, బట్టల దుకాణం అన్నీ తిరిగి క్యాలెండర్లు అడిగి తెస్తాడు. గోడకు ఒకటే పడుతుంది. మిగతావి బీరువా ఎక్కుతాయి. ఏడాది గడిచినా పారేయనివ్వడు. వాటి మీద దేవుళ్లు ఉంటారు కదా. మందమైన నున్నటి కాగితం, వెనక వైపు తెల్లగా పాల మీగడలా ఉంటుంది. ఆ తెలుపు చూసి నాకు ఆశ పుట్టింది. తెలుపు బయటికి, బొమ్మ లోపలికి వచ్చేలా మడిచి గోధుమపిండి జిగురుతో అతికిస్తే ఎంత చక్కటి పొట్లం వచ్చిందో. మొదటిది చేసి కిటికీలో నిలబెట్టి చూసుకున్నాను.

అమ్మ చూసి చేతిలో జల్లిగరిటె ఆపింది. "దేవుని బొమ్మలు గదనే అవి?"

"మొఖాలు తీసేసిన అమ్మా. మొఖాలన్ని కత్తిరించి పక్కకు పెట్టిన. మిగిలింది పువ్వులు, చీరలు, గంతే. లోపలికి ఉంటయ్, ఎవ్వరికి కనిపియ్యయ్."

"ఏమో. సదువుకున్నదానివి," అని అమ్మ మళ్లీ నూనె వైపు తిరిగింది.

నేను నిజంగా అలాగే అనుకున్నాను. ముఖం లేకపోతే దేవుడు లేనట్టే అని. ఎంత తెలివి! ప్రతి పొట్లం మీద ఒక చిన్న జొన్న కంకి గీసి, కింద నా గుండ్రటి రాతలో ఒక వాక్యం రాశాను: "మా నాన్నకు ఇన్నేళ్లు తోడున్నందుకు ధన్యవాదాలు."

సన్మానం రోజు పొద్దున నాన్న గంపలోంచి ఒక పొట్లం తీసి, కళ్లద్దాలు లేకపోవడంతో చేయి బారగా చాపి చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. "మంచిగున్నయ్ బిడ్డా," అని మెల్లగా దాని చోట్లో పెట్టేశాడు.

కాలేజీ హాల్లో కుర్చీలు వేశారు. స్టేజీ మీద ప్రిన్సిపాల్ పక్కన నాన్న. మెడలో దండ, భుజాల మీద మెరిసే శాలువా. కానీ కుర్చీలో సగమే కూర్చున్నాడు. తలుపులోంచి ఎవరు లోపలికి వచ్చినా లేవబోయేవాడు. వాచ్‌మన్ భాయ్ ఆయన వెనకే నిలబడి ఉన్నాడు. నాన్నకు ఆయన ఎన్నో ఏళ్ల స్నేహితుడు, ఇద్దరూ ఒక చాయ్‌ని సగం సగం తాగుతారు. భాయ్ నాన్న భుజం పట్టి కిందికి నొక్కాడు.

"కూసో యార్. ఇయ్యాల నువ్వు దుల్హావు. దుల్హా పీటల మీదికెల్లి లేస్తడా?"

హాలంతా నవ్వింది. నాన్న కూడా కొత్త పెళ్లికొడుకులా నవ్వి, ఈసారి వీపు ఆనించి కూర్చున్నాడు. నేను రెండో వరుసలో అమ్మ పక్కన కూర్చుని ఆ దృశ్యం కళ్లనిండా చూసుకున్నాను. ప్రిన్సిపాల్ మాట్లాడారు. నాన్న ఉంటే బెల్లు ఆలస్యం కాదని, తాళం మరవడని చెప్పారు. తర్వాత భాయ్ గంప పట్టుకుని పొట్లాలు పంచాడు. నాకు ఒకప్పుడు పాఠం చెప్పిన తెలుగు మేడం పొట్లం మీది వాక్యం చదివి, తల తిప్పి నన్ను చూసి నవ్వారు. నేను తల దించుకున్నాను. సంతోషంతోనే దించుకున్నాను.

మురుకులు కరకరమంటున్న చప్పుడు మొదలైంది. ముందు వరుసలో ఆఫీసు సూపరింటెండెంట్ సారు ఉన్నారు. పొద్దున అగరుబత్తి వెలిగించనిదే ఫైలు ముట్టని మనిషి. ఆయన మురుకులు తినేశారు. నువ్వుల ముద్ద అడుక్కి అంటుకుపోయింది. దాని కోసం పొట్లాన్ని నిలువునా చింపి పరిచారు. చేయి అక్కడే ఆగిపోయింది.

"ఇదేంది? అమ్మవారి పాదాలు!"

చుట్టుపక్కల వాళ్లు వంగి చూశారు. ఎర్రటి పారాణి, గజ్జెలు, తామరపువ్వు, వాటి మీద నూనె మరక, మధ్యలో నా నువ్వుల ముద్ద.

"పాదాల మీద మురుకులు వెట్టి ఇచ్చిన్రా?"

ఆ మాటతో అందరూ తమ తమ పొట్లాలు విప్పారు. ఒకరికి శంఖం పట్టిన చేయి వచ్చింది. ఒకరికి వరాలిస్తున్న అరచేయి. ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు. కొందరు నోట్లో ఉన్నదాన్ని నమలడం ఆపేశారు. అన్నిటికంటే ఘోరం, ఆ కాగితాలను ఏం చేయాలో ఎవరికీ తెలియకపోవడం. కింద వేయలేరు. చెత్తబుట్టలో వేయలేరు. కుర్చీలో పెట్టి దాని మీద కూర్చోలేరు. అంత చదువుకున్న మనుషులు నూనె కాగితాలు రెండు చేతులతో పట్టుకుని, హారతి పళ్లెం పట్టుకున్నట్టు కదలకుండా ఉండిపోయారు.

"ఎవరు కట్టిన్రు ఇవి?" అన్నారు సూపరింటెండెంట్ సారు వెనక్కి తిరిగి. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది.

అమ్మ నా వైపు చూసింది. మాట నా గొంతులోనే ఉంది. నేనే సార్. రెండే ముక్కలు. లేచి నిలబడితే హాలు హాలంతా నన్ను చూస్తుంది. నేను కూర్చునే ఉన్నాను.

స్టేజీ మీద కుర్చీ కిర్రుమంది.

"నేనే సార్," అన్నాడు నాన్న. లేచి నిలబడి చేతులు జోడించాడు. దండ ముందుకు ఊగింది. "నేనే కట్టిన. తెల్వక అయింది. మాఫ్ చేయున్రి."

సూపరింటెండెంట్ సారు చేతిలోని కాగితం తెల్ల వైపు మాకు కనిపిస్తోంది. దాని మీద 'మా నాన్నకు' అని నా రాత. తెలుగు మేడం తన చేతిలోని దాన్ని చూశారు, నాన్నను చూశారు. తర్వాత నన్ను చూడకుండా ఉండటానికి కిటికీ వైపు తిరిగారు. ఆ తిరగడం నేను చూశాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వాచ్‌మన్ భాయ్ తన పొట్లం పైకెత్తాడు. "నాకైతే నెమలి వచ్చింది సార్. నెమలికేం ఫికర్ లేదు గదా? నేను మొత్తం తింట."

నవ్వులు లేచాయి. బిగుసుకున్న భుజాలు కొంచెం వదులయ్యాయి. సూపరింటెండెంట్ సారు కూడా చల్లబడ్డారు. "సరే తియ్యి. కింద పడనియ్యకున్రి. అన్ని జమచేసి పారే నీళ్లల్ల కలుపున్రి," అన్నారు.

ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నారో నాకు తెలియదు. బహుశా ఎవరినీ కాదు. కానీ ఆ కాలేజీలో అలాంటి మాట ఎప్పుడూ ఒక మనిషికే చేరుతుంది. నాన్న స్టేజీ దిగాడు. భాయ్ "నేను జేస్త, నువ్వుండు," అంటూనే ఉన్నాడు. నాన్న అప్పటికే గంపలోని గుడ్డ సంచి తీసి దులిపి, మొదటి వరుస ముందు వంగాడు. "ఇటియ్యున్రి సార్. ఇటియ్యున్రి మేడం."

"అయ్యో, నువ్వు కూసో," అని ప్రతి ఒక్కరూ అన్నారు. అంటూనే కాగితం ఆయన చేతిలో పెట్టారు.

ఆయన ఒక్కొక్కటీ తీసుకుని, బొమ్మ లోపలికి మడిచి, సంచిలో వేస్తూ పోయాడు. శాలువా జారుతుంటే మోచేత్తో ఎగదోసుకున్నాడు. ఇంతలో ఫొటోగ్రాఫర్ తొందరపెట్టాడు. "సార్, నాకింకో ఫంక్షన్ ఉంది. జల్దీ ఇటు చూడున్రి." వెలుగు మెరిసింది. అందరూ చూశారు. నాన్న ఒక్కడే వంగి ఉన్నాడు.

అప్పుడు లేచాను. నడిచి వెళ్లి సంచి పట్టుకున్నాను. "ఇటియ్యి నాన్నా."

"అయిపాయె బిడ్డా. ఆఖరి లైనే ఉన్నది. నువ్వు కూసో."

నిజంగానే అయిపోయింది. నా చేతికి వచ్చింది రెండు మూడు కాగితాలు.

గిన్నెలతో అమ్మ ఆటోలో వెళ్లింది. నేను నాన్న బండి మీద ఎక్కాను. సంచి ఇద్దరి మధ్య. ముందు చెరుకు ట్రాక్టరు అడ్డం ఉండటంతో బండి నెమ్మదిగా పోతోంది. ముఖం కనిపించదు కాబట్టి ఆయన వీపుతో మాట్లాడగలిగాను.

"ఎందుకట్ల అన్నవ్ నాన్నా? నేను జేసినని చెప్పకపోయినవా?"

"అందరికి తెల్సు నువ్వే జేసినవని. పైన రాసినవ్ గదా."

"నువ్వు చదివినవా?"

"పొద్దున్నే సదివిన. అద్దాల్లేకున్నా నీ రాత ఆనుతది నాకు."

"మరి?"

"ఎవరో ఒకరు అనాలె గదా, ఆగమాగం కాకుండ." ట్రాక్టరును దాటించాక మళ్లీ అన్నాడు. "మురుకులు మస్తు కుదిరినయ్. ఖాళీ పొట్లాలే వచ్చినయ్ సూడు, ఒక్కడు మిగిలియ్యలే."

ఆయన ఓదార్పుగా అన్నాడు. నాకు ఇంకా చిన్నతనంగా అనిపించింది. ఒక పెద్ద మనిషి అబద్ధమాడితే, అది అబద్ధమని తెలిసిన హాలంతా ఆయన కోసం ఊరుకుంది. ఎవరి పరువు కోసం ఆయన లేచాడో ఆ మనిషి మాత్రం రెండో వరుసలో భద్రంగా కూర్చుని ఉంది. ఆ రాత్రి డైరీలో 'నాన్న రిటైరయ్యాడు' అని రాసి, ఆ పైన కలం కదలక మూసేశాను. ఇప్పుడు రాస్తున్నది ఆ మిగతా భాగం.

కొన్నాళ్లకు కాలేజీ వాళ్లు ఆ ఫొటోనే పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి భాయ్ చేత పంపారు. అందరూ సరిగ్గా వచ్చింది అదొక్కటేనట. మధ్యలో ఖాళీ కుర్చీ. నాన్న ఓ పక్క అంచుకు, సంచి మీదికి వంగి, సగమే కనిపిస్తాడు. నేను దాచేద్దామనుకున్నాను. ఆయన అప్పటికే మేకు కొట్టేశాడు. ఇంటికి ఎవరు వచ్చినా చూపిస్తాడు. "మరి నువ్వేడ?" అని అడుగుతారు. "ఇగో, ఈ అంచుకు. కుర్చీ నాదే. జర లేచిన," అని ఎంతో సంబరంగా చెబుతాడు. ఆ సమయానికి నేను వంటింట్లో ఉండేలా చూసుకుంటాను.

మొన్న మొగుడంపల్లి నుంచి చిన్నమ్మ వచ్చింది. నేను చాయ్ తెచ్చేసరికి ఫొటో ముందు నిలబడి అడుగుతోంది.

"సన్మానం నీదైతే నువ్వెందుకు లేచినవ్ బావా?"

"ఏదో పనుండె."

నేను పళ్లెంతో ఇద్దరి మధ్యకు వచ్చాను. "నా వల్ల లేచిండు చిన్నమ్మా," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చిన్నమ్మ తిరిగి చూసింది. "నీ వల్లనా? ఏం జేసినవే?"

నేను నోరు తెరిచేలోపే నాన్న పళ్లెంలోంచి ఒక గ్లాసు తాను తీసుకుని, ఇంకోటి ఆమెకు అందించాడు. "చాయ్ సల్లారుతది, తాగు. మీ దిక్కు ఆలుగడ్డ ఎట్లున్నది ఈసారి?"

చిన్నమ్మ ఆలుగడ్డ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె మళ్లీ అడిగితే ఈసారి చెప్పేద్దామని నేను ఖాళీ పళ్లెం పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.