జాన్ తిన్న మామిడిపండు

ఆ రోజుల్లో మా ఇళ్లలో మొగుడి పేరు నోటితో పలికే ఆడది లేదు. ఇప్పటి పిల్లలు పెళ్లైన మర్నాడే మొగుణ్ణి పేరు పెట్టి, అదీ సగానికి కత్తిరించి పిలుస్తుంటే నాకు ముచ్చటగానే ఉంటుంది. నా చెవి మాత్రం ఇప్పటికీ ఒక్క క్షణం ఉలిక్కిపడుతుంది. పేరు పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని మా పెద్దవాళ్లు భయపెట్టేవారు. "ఆయన", "మా ఇంటాయన", "పిల్లల నాయిన" అని ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లం. అందరిలోకీ మా వదిన మరీ పట్టుదల మనిషి. మా అన్న పేరు రాములు. ఆ పేరే కాదు, దాని గాలి తగిలిన మాట కూడా ఆమె నోట వచ్చేది కాదు. సంతలో రామాఫలాలు కనబడితే, "గా సీతాఫలం పెనిమిటి ఎట్ల ఇస్తున్నవ్?" అని అడిగేది. (అమ్మేవాడు పడీపడీ నవ్వి ఒక పండు కొసరు వేసేవాడు. అందుకని నేను ఎన్నడూ అడ్డు చెప్పలేదు.) అటువంటి మనిషి నోటికి ఇంగ్లీషు వ్యాకరణం ఎదురొచ్చింది.

మాది మనూర్ దిక్కు చిన్న ఊరు. మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ పెద్దదై పని మానేస్తుందని తెలిసినప్పుడు, ఆ కుర్చీలో మా వదినే కూర్చోవాలని నాకు అనిపించింది. నాకే కాదు, ఊళ్లో చాలామందికి. ఎందుకంటే అప్పటికే మా అరుగు మీద వాడకట్టు పిల్లలంతా ఆమె చుట్టూ మూగేవారు. ముక్కు తుడవడం నుంచి అఆలు దిద్దించడం దాకా, ఎవరూ అడగకుండానే, ఎవరూ ఏమీ ఇవ్వకుండానే చేసేది. అయితే ఆ పనికి పదో తరగతి పాసై ఉండాలి. వదిన పెళ్లికి ముందు పది చదివింది, అన్నీ పాసైంది, ఇంగ్లీషు ఒక్కటి తప్పింది. ఆ ఒక్కటీ ఎండాకాలం పరీక్షలో రాస్తానని పెళ్లైన ఇన్నాళ్లకు అడిగితే, మా అమ్మ జొన్నలు చెరుగుతూ చేట ఆపకుండానే తీర్పు చెప్పింది. "రాయి, వద్దన. గని గీ ఒక్కసారే. తప్పినవనుకో, ఇగ ఇంట్ల పుస్తకం కనబడొద్దు. నువ్వు పుస్తకం పట్టుకుంటే బర్రెను ఎవరు పట్టుకుంటరు?"

నారాయణఖేడ్ బస్టాండు వెనక సందులో ఒక ముస్లిం అక్క ఉండేది, అందరం బాజీ అనేవాళ్లం. పగలంతా జాకెట్లు కుట్టేది, ఎండాకాలం వచ్చిందంటే పది తప్పిన ఆడపిల్లలకు, కోడళ్లకు ఇంగ్లీషు చెప్పేది. మిషన్ తొక్కుతూనే చెప్పేది. తప్పు చెబితే మిషన్ ఆగిపోయేది. అదే మాకు బెత్తం దెబ్బ. వదిన ఒక్కతే ఆటోలో పోకూడదని నన్ను వెంట పంపారు. (నాకు ఏడో తరగతితో చదువు చాలైంది. చదువుకు కూడా నేను చాలయ్యాను.) మొదటి రోజే బాజీ బోర్డు మీద ఒక వాక్యం రాసి వదినను చదవమంది. "రాము ఈట్స్ ఏ మ్యాంగో." వదిన లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. చెమట తుడుచుకుంది. నోరు తెరవలేదు.

"చదువు బిడ్డా, మొదటి మాటనే గదా?" అంది బాజీ.

"ఆమె చదవది బాజీ," అన్నాను నేను వెనక నుంచి. "గది మా అన్న పేరు."

మిషన్ ఆగింది. నవ్వుతుందేమో, కసురుతుందేమో అనుకున్నాను. బాజీ మాత్రం నాలుక కరుచుకుని, "అరే, ముందే చెప్పొద్దా? నేను గూడ మా ఆయనను 'మున్నీ అబ్బా' అంటనే గని పేరు తియ్య," అని గుడ్డ తీసుకుని ఆ పేరు తుడిచేసింది. 'రవి' అని రాసింది. మూలనున్న ఒక కోడలు తల దించుకుంది. దాన్ని తుడిచి 'గోపాల్' అని రాస్తే ఇంకొకామె, "మా మామ పేరు బాజీ," అని గొణిగింది. 'కృష్ణ' అంటే మరొకామె బావ. కూర్చున్నది నలుగురు కోడళ్లే అయినా, వాళ్ల మొగుళ్లు, మామలు, బావలు కలిసి దేశంలో పేర్లన్నీ పంచేసుకున్నారు. బాజీ చాక్‌పీసు పట్టుకుని కాసేపు ఆలోచించి, "మీ ఇండ్లల్ల ఎవరికన్న జాన్ అనేటోడు ఉన్నడా?" అంది. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లేడు. "బస్, చాలు! ఇగ ఎండకాలం మొత్తం పని చేసేది జానే!"

అట్లా మా బతుకుల్లోకి జాన్ వచ్చాడు. ఎంత మంచివాడనుకున్నారు! మామిడిపండు తినేవాడు, ఉత్తరం రాసేవాడు, తలుపు తీసేవాడు, పాట పాడేవాడు. విసుక్కోవడం ఎరగడు. మాలో ఎవరి మొగుడూ చేయని పనులన్నీ చేసేవాడు. ఒకామె అయితే, "గిట్లాంటోడు దొరకాల్నంటే ఇంగ్లీషుల పుట్టాలె బాజీ," అని నిట్టూర్చింది కూడా. ఇగ వాక్యాన్ని తిరగేసే పాఠం, అదే ప్యాసివ్ వాయిస్, వచ్చినప్పుడు బాజీ పుస్తకం పక్కన పెట్టి మమ్మల్నే వాక్యంలా కూర్చోబెట్టింది. ముందర మంచం. దాని మీద కూర్చున్నామె జాన్. నడుమ పీట మీద పని. చివర చాప మీద మామిడిపండు. "తిప్పుండ్రి!" అని బాజీ చప్పట్లు కొట్టగానే మామిడిపండు లేచి మంచమెక్కాలి, జాన్ దిగి చాప మీదికి పోవాలి, నడుమ ఉన్నామె నెత్తిన కొంగు వేసుకుని వేషం మార్చాలి, ఈట్స్ పోయి ఈజ్ ఈటెన్ కావాలి. జాన్ వట్టిగా వెనక్కి పోకూడదు, చెయ్యి పట్టుకుని తీసుకుపోవడానికి బై అని ఒకరు కావాలి. నేను పరీక్ష రాసేదాన్ని కాదు కదా, నన్ను బై చేసింది. ఆ ఎండాకాలమంతా నేను జాన్ చెయ్యి పట్టుకుని మంచానికీ చాపకూ మధ్య తిరిగాను.

వదిన మాత్రం ఆటగా వదిలిపెట్టలేదు. ఇంటికొచ్చాక రొట్టె తడుతూ ఒక వాక్యం, కాలుస్తూ దాన్ని తిరగేసి ఇంకో వాక్యం. బర్రె పొదుగు కడుగుతూ, "ది బఫెలో ఈజ్ మిల్క్డ్ బై జాన్." బట్టలు ఉతుకుతూ, ఊడుస్తూ, తన చంటివాణ్ణి జోకొడుతూ కూడా ఇదే. ఆమె అలసటను నేను చూశాను, గొణుగుడు మాత్రం ఒక్కనాడు వినలేదు. అయితే మా అమ్మ వేరేది వింటోంది. ఇంగ్లీషు రాదు గానీ, ప్రతి మాట చివరా ఒకే పేరు వస్తున్న సంగతి ఆమె పట్టేసింది. ఒకనాడు నన్ను గడ్డివాము చాటుకు పిలిచింది.

"ఓ పిల్లా, నిజం చెప్పు. ఎవడే గీ జాను?"

"ట్యూషన్‌ల ఉంటడమ్మా," అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

"ఏం పని చేస్తడు?"

"అన్ని పనులు చేస్తడు. మామిడిపండ్లు తింటడు, ఉత్తరాలు రాస్తడు, బర్రె పాలు పిండుతడు."

"ఎవరి బర్రె?" అంది అమ్మ, కళ్లు పెద్దవి చేసి. "ఉత్తరాలు ఎవరికి రాస్తడు?"

నేను వివరించబోయిన కొద్దీ సంగతి ముదిరింది. రాత్రి అన్నం దగ్గర అమ్మ ఆ సంగతి అన్నతో చెబితే ఆయన పొలమారేదాకా నవ్వాడు. దాంతో అమ్మకు కోపం రెండింతలైంది. "నవ్వురా, నవ్వు. రేపు నేనే పోయి ఆన్ని చూసొస్త. ఆడు మంచిగ కనబడకుంటే ట్యూషన్ బందు," అంది. వదిన మొహం తెల్లబోయింది. పరీక్ష ముంగిట్లో ఉంది. ట్యూషన్ ఆగిందంటే చదువు ఆగినట్టే, అరుగు మీది పిల్లలు అరుగు మీదే.

మర్నాడు అమ్మ మాతోపాటే ఆటో ఎక్కింది. బాజీ గడప దాటుతూనే, "ఏడీ గా జాను? పిలువుండ్రి," అంది. బాజీ ఒక్కసారి మా మొహాలు చూసింది. సంగతి అర్థమైంది. నవ్వలేదు. లేచి అమ్మ చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, "జాన్ గీడనే ఉండె పెద్దమ్మా, గిప్పుడే లీవు పెట్టిండు. ఇయ్యాల ఆని పని మీరు చెయ్యాలె," అంది. ఆపైన అమ్మకు అర్థమయ్యేలా చెప్పింది. "అత్తమ్మ రొట్టె చేస్తది. గిది మాట. చేసేది మీరు, మీ జాగ ముంగట." అమ్మ సర్దుకుని కూర్చుంది, ముంగట కూర్చోవడం బాగానే ఉంది. వదిన చివర చాప మీద రొట్టె అయింది. బాజీ చప్పట్లు కొట్టింది. వదిన భయంభయంగా లేచి మంచం దగ్గరికి వచ్చింది. నేను బై కదా, అమ్మ చెయ్యి పట్టుకుని, "లే అమ్మా, ఎనుకకు పోవాలె," అన్నాను.

"నేనెందుకు పోవాలె?" అమ్మ మంచం కోడు గట్టిగా పట్టుకుంది. "పొయ్యి కాడ చేతులు కాలింది నావి. రొట్టె ముంగట కూసుంటే నేను ఎనుకకు పోవాల్నా?"

"ఇంగ్లీషుల గట్లనే పెద్దమ్మా. ఒక్కొక్కసారి చేసినోళ్ల పేరే చెప్పరు. రొట్టె చేయబడింది, అంతే. ఎవరు చేసిన్రో అడగరు. అప్పుడు గీ బై పిల్లకు గూడ పని లేదు, బయటికి పోయి చాయ్ తాగొచ్చు."

మేం నవ్వాం. అమ్మ నవ్వలేదు. కాసేపు తన చేతులు చూసుకుంది. తర్వాత మెల్లగా లేచి, వదినను మంచం మీద కూర్చోబెట్టి, తాను చాప మీదికి వెళ్లింది. "గిదేం ఇంగ్లీషు బాజీ," అంది, "గిది మన ఇండ్ల సంగతే గదా. రొట్టె ముంగటికి పోతది. చేసినామె పొయ్యెనుక ఉంటది. ఎవరడుగుతరు?" ఆ రోజు తిరుగు ఆటోలో అమ్మ జాన్ ఊసు ఎత్తలేదు. మర్నాటి నుంచి పొద్దున రొట్టెలు తానే చేయడం మొదలుపెట్టింది. వదిన లేవబోతే, "నువ్వు గా జాన్‌ను సూసుకో. రొట్టెలు నేను చేస్తున్న," అనేది, ఆ 'నేను' మీద కొంచెం బరువు పెట్టి.

పరీక్ష రోజున బోరంచ నల్లపోచమ్మకు మొక్కి, బొట్టు పెట్టుకుని ముగ్గురం ఖేడ్ వచ్చాం. సెంటరు గేటు దగ్గర వదిన కాళ్లు ఆగిపోయాయి. అంతకుముందు బాజీ చూపించిన పాత పరీక్ష పేపర్లలో జాన్ లేడు. ప్రతి దాంట్లోనూ ఆ పాత పేరే, రాము అనే ఉంది. ఆ పేరు మార్చి రాస్తే మార్కు పోతుందని కూడా చెప్పింది. "అత్తమ్మా," అంది వదిన సన్నగా, "పేపర్ల ఆయన వస్తే ఎట్ల? నోటికి రాంది చేతికెట్ల వస్తది?"

అమ్మ ఆమె కొంగుకు అంటిన దుమ్ము దులిపింది. "గా పేరు పెట్టింది ఎవరు? నేను గాదా? కని పెంచి నేనే పెట్టిన. ఇయ్యాల నేనే చెప్తున్న, రాయి. వాని ఆయుష్షుకు ఏం గాదు, గది నేను సూసుకుంట. నీది నువ్వు సూసుకో, పో."

ఎండలో వేపచెట్టు కింద మేం కూర్చున్నాం. అమ్మ తెచ్చిన రొట్టె తాను తినలేదు, నన్నూ తిననీయలేదు. గంట కొట్టాక వదిన వచ్చింది. వేళ్లకు సిరా, మొహాన చెమట.

"వచ్చిందా?" అంది అమ్మ.

"వచ్చింది."

"రాసినవా?"

వదిన అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాసిన అత్తమ్మా. మామిడిపండును ముంగట కూసోబెట్టి, ఆయనను ఆఖరికి తోలిన."

అమ్మ గేటు దగ్గరి పోలీసు తిరిగి చూసేటట్టు నవ్వింది. "మంచిగ చేసినవ్ బిడ్డా. ఒక్కపారన్న ఎనుక కూసోనీ వాణ్ణి!"

వదిన పాసైంది. (బాజీ మిషన్ ఆపకుండా తొక్కుతూ ఏడ్చింది. కుడుతున్న జాకెట్టు కుట్లు మళ్లీ విప్పాల్సి వచ్చిందట.) కొన్నాళ్లకు అంగన్‌వాడీ కుర్చీ కూడా ఆమెదే అయింది. ఇప్పటికీ ఆమె మా అన్నను పేరు పెట్టి పిలవదు. విచిత్రం ఏమిటంటే, ఊళ్లో ఇంకెవరూ పిలవరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన "టీచరమ్మ పెనిమిటి". బస్సులోంచి దిగుతుంటే ఆమె ముందు, ఆయన రిజిస్టర్ల సంచి పట్టుకుని వెనక. ఎవరైనా ఆటపట్టిస్తే, "నా జాగ గిదేనంట, పరీక్షల రాసొచ్చింది," అని మీసం దువ్వుకుంటాడు.

మొన్న మా చిన్నమ్మాయి ఇంగ్లీషు వ్యాకరణం ముందేసుకుని జుట్టు పీక్కుంటుంటే పక్కన కూర్చున్నాను. పుస్తకంలోకి తొంగి చూస్తే, ఇంకెవరు, వాడే! "మా జాన్ గదే! మంచిగున్నడా? ఇంకా మామిడిపండ్లు తింటున్నడా?" అన్నాను. అది నాకు ఏదో అయిందనుకుని చూసింది. నేను దాని చెయ్యి పట్టుకుని మంచం మీది నుంచి చాప మీదికి నడిపించాను. ఇన్నేళ్లైనా బై పని మర్చిపోలేదు చూడండి. ఇంతలో లోపలి నుంచి మా ఆయన కేకేశాడు, "రొట్టెలు అయినయా?" అని.

"వాటంతటవి ఎట్లయితయి?" అన్నాను, మా అమ్మలాగే. "నేను చేస్తున్న."