తోడల్లుడి ఓడలు

పాతికేళ్ళుగా ఆయన రేవులో డ్రాఫ్ట్ సర్వేయరు. ఓడ పక్కన నీటి మట్టం దగ్గర రాసి ఉండే తెల్లని అంకెలు చూసి, లోపల ఎన్ని వేల టన్నుల బొగ్గుందో, ఇనుప ఖనిజముందో తేల్చి చెప్పడం ఆయన పని. ఊగే పడవలో, ఎండలో నిలబడి ఆ అంకెలు చదివీ చదివీ మెడ నల్లగా కమిలిపోయింది.

ఆయన తోడల్లుడికి కళ్ళజోళ్ళ దుకాణం. పుట్టి బుద్ధెరిగాక ఓడ మెట్టు ఎక్కలేదు. చిన్న పడవెక్కినా వాంతులే. అలాంటివాడు ఓడల కంపెనీ షేర్లు కొని, నాలుగేళ్ళు తిరక్కుండా ఇంటి మీద ఇంకో అంతస్తు లేపాడు.

అంతకన్నా మండిపోయే సంగతి ఇంకొకటుంది. ఆదివారం భోజనాల దగ్గర "అన్నయ్యా, బయట ఎన్ని ఓడలు లంగరేసి ఉన్నాయి?" అని వాడు అడిగితే, తన గొప్ప తెలిసి అడుగుతున్నాడనుకుని ఈయన పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆ మాటలు పట్టుకునే వాడు కొంటున్నాడని, అమ్ముతున్నాడని మరదలు ఓసారి నోరు జారింది.

"ఎండ నాకు, మేడ వాడికా?" అన్నాడు ఇంటికొచ్చి.

"మిమ్మల్ని కొనొద్దని ఎవరైనా అన్నారా?" అంది భార్య. ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు.

ఆ ఏడాది తుపాన్లకి తీరం పొడుగునా రేవుల్లో పని ఆగిపోయింది. ఒక్క ఈ రేవు బయటే ముప్పై ఒక్క ఓడలు నిలిచిపోయాయి. వరసలో ఇరుక్కున్న ఓడ కొత్త సరుకు ఎత్తలేదు. ఖాళీ ఓడలకి కరువొస్తుంది, అద్దెలు పెరుగుతాయి, వెనకే షేర్లూ పెరుగుతాయి. తోడల్లుడి నోట విని విని ఈయనకీ ఆ మర్మం వంటబట్టింది.

"ఎన్నున్నాయి అన్నయ్యా?" అన్నాడు వాడు ఆ ఆదివారం.

"ఎక్కడివి? నాలుగో, అయిదో. మిగతావన్నీ లోపలికొచ్చేశాయి," అన్నాడు ఈయన కళ్ళార్పకుండా.

సోమవారం తోడల్లుడు షేర్లన్నీ అమ్మేశాడు. అదే రోజు ఈయన, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఊడ్చి అవే షేర్లు కొన్నాడు. వారంపాటు ధర పెరుగుతూ పోయింది. ఆ వారం ఆయన నడకే వేరు.

తర్వాత వాన తెరిపిచ్చింది. నిలిచిపోయిన ఓడలన్నీ పది రోజుల్లో సరుకు దింపేసి ఒక్కసారిగా అద్దెకి సిద్ధమయ్యాయి. పైగా కొత్తగా కట్టిన ఓడలూ వచ్చిపడ్డాయి. అద్దెలు సగానికి దిగాయి, షేర్లు సగం కన్నా కిందికి. వరస ఉంటే ధర పెరుగుతుందని నేర్చుకున్నాడు గాని, వరస కరిగితే ఏమవుతుందో ఆలోచించలేదు పాపం.

తోడల్లుడు పరిగెత్తుకొచ్చాడు. "మీ పుణ్యమా అని బయటపడ్డాను అన్నయ్యా! అమ్మిన మర్నాడు, ఓడలెక్కడున్నాయో చూపించే యాప్ కొత్తగా ఫోన్లో పెట్టుకుని చూస్తే ముప్పై ఓడలు కనబడ్డాయి. దాచడమెందుకు, మిమ్మల్ని తిట్టుకున్నాను కూడా. కానీ అన్ని ఓడలు మీ కంటికి ఆనలేదంటే మాటలా? రండి, కళ్ళు పరీక్ష చేస్తాను."

రానంటే అబద్ధం బయటపడుతుంది. వెళ్ళి దుకాణంలో కుర్చీలో కూర్చున్నాడు. తప్పులు చదువుదామనే అనుకున్నాడు. కానీ గోడ మీది బోర్డులో అంకెలు కనబడగానే పాతికేళ్ళ అలవాటు ఊరుకోలేదు. చివరి వరసలో చీమ తలకాయంత ఉన్నవి కూడా గడగడా చదివేశాడు.

తోడల్లుడు దీపం ఆర్పాడు. ఈయన కోసం తీసి ఉంచిన కళ్ళజోడు ఫ్రేముని మళ్ళీ అరలో పెట్టేశాడు.

"చూపు బ్రహ్మాండంగా ఉంది అన్నయ్యా," అన్నాడు చివరికి.

అంతే. నిలదీసినా, నాలుగు తిట్టినా ఈయనకి తేలిగ్గా ఉండేది. ఆ మంచితనాన్నే ఓర్చుకోలేకపోయాడు.

ఈయన షేర్లు కొన్న సంగతి భార్య తన చెల్లెలికి చెప్పేసింది. ఆ సాయంత్రమే తోడల్లుడు ఫోన్ చేశాడు. "తొందరపడి అమ్మకండి. అద్దెలు ఇంత పడితే పాత ఓడల్ని తుక్కుకి ఇచ్చేస్తారు. ఓడలు తగ్గితే ధర మళ్ళీ లేస్తుంది. రెండేళ్ళు ఓపిక పట్టండి."

అది నిజమేనని ఈయనకి తెలుసు. మర్నాడు పొద్దున్న రేవుకి బయల్దేరే ముందు అన్నీ అమ్మేశాడు.

"అయ్యో, ఎందుకమ్మారు?" అంది భార్య.

"వాడు ఉంచమన్నాడుగా," అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.